ప్రతి ఏప్రిల్‌కీ ఒక జాష్ అలెన్

ఏప్రిల్ వచ్చిందంటే నాకొక మెసేజ్ వస్తుంది. పంపేది మా టీమ్‌లోనే పనిచేసే విజయవాడ కుర్రాడు. వాడు ఎమ్మెస్ బఫెలోలో చేశాడు, ఆ చలికి తట్టుకోవాలంటే ఏదో ఒక పిచ్చి ఉండాలి కాబట్టి అక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ బఫెలో బిల్స్ పిచ్చి పట్టించుకున్నాడు. మెసేజ్‌లో ఇరవై సెకన్ల వీడియో ఉంటుంది. తాటిచెట్టంత కాలేజీ కుర్రాడెవడో నాలుగడుగులు వెనక్కి వేసి బంతిని అరవై గజాల అవతలికి విసురుతాడు. కింద ఒకటే లైను: "అన్నా, వీడు నెక్స్ట్ జాష్ అలెన్." అలెన్ అంటే వాడి బిల్స్‌కి క్వార్టర్‌బ్యాక్.

నేను ఆ కుర్రాడి కాలేజీ లెక్కలు తీసి పంపిస్తాను. వంద పాసులు వేస్తే యాభై అయిదు చేరాయి, మిగతావి నేలపాలు. నిమిషంలో జవాబు: "జాష్ అలెన్‌కీ అంతే కదన్నా!"

అక్కడ నా నోరు మూతపడుతుంది. ఎందుకంటే నిజంగానే అంతే. అలెన్‌ది కాలేజీలో 56.2 శాతం. 2024లో లీగ్ మొత్తానికి ఎంవీపీ, అంటే ఆ ఏడాది మేటి ఆటగాడు. ఇంక నేనేం చెప్పినా కుళ్ళుబోతు మాటలానే ఉంటుంది. కాబట్టి మెసేజ్‌లో పట్టని జవాబు ఇక్కడ రాస్తున్నాను. ఒక్క ముక్కలో చెప్పాలంటే, జాష్ అలెన్ పేరు చెప్పి ఈ ఏడెనిమిదేళ్ళలో జరిగినన్ని చెడ్డ బేరాలు మరొకరి పేరు చెప్పి జరగలేదు, అతని కథ నుంచి అందరూ నేర్చుకున్న పాఠం తప్పు.

ఈ ఆట తెలియనివాళ్ళ కోసం కాస్త. అమెరికన్ ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్ అంటే దాదాపు ప్రతి ప్లేలోనూ బంతి ముందు చేతికొచ్చేవాడు. ఎవరికివ్వాలి, ఎవరికి విసరాలి, ఎప్పుడు బయటికి పారేసి బతికిపోవాలి అన్నది రెండున్నర మూడు సెకన్లలో తేల్చుకోవాలి, అదీ నూట ముప్పై కిలోల మనుషులు మీదికి దూకుతుంటే. శనివారం కాలేజీలు ఆడతాయి, ఆదివారం ఎన్‌ఎఫ్‌ఎల్, అంటే డబ్బులిచ్చి ఆడించే పెద్ద లీగ్. కాలేజీ కుర్రాళ్ళని ఏప్రిల్‌లో 32 టీములు వంతులవారీగా ఎంచుకునే తంతు డ్రాఫ్ట్. ఏడు రౌండ్లు, ముందు ఏడాది అందరికంటే అధ్వానంగా ఆడినవాళ్ళకి మొదటి వంతు. ఐపీఎల్ వేలంలా డబ్బు పెట్టి పాడుకోవడం ఉండదు, వంతులు మాత్రం ఇచ్చిపుచ్చుకోవచ్చు.

ముందు నా తప్పుల చిట్టా నేనే విప్పుతాను, తర్వాత ఎవరూ తవ్వక్కర్లేకుండా.

2016 అక్టోబర్ 22, లబ్బక్. నేను టెక్సస్ టెక్‌లో ఎమ్మెస్ చేస్తున్నాను, ఓక్లహోమాతో మ్యాచ్. మా స్టేడియంలో ఒక ఆచారం ఉంది, కిక్‌ఆఫ్ అవ్వగానే స్టూడెంట్లంతా మైదానం వైపు టోర్టియాలు విసురుతారు, మన చపాతీల్లాంటివే. నల్గొండ నుంచి వచ్చిన మా రూమ్మేట్ ఆరోజే మొదటిసారి చూశాడు. "తినే దాన్ని గట్ల పారేస్తుండ్రేందిరా, పాపం తగుల్తది" అని వాడు నిజంగానే బాధపడి, చేతిలో ఉన్న రెండింటినీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ రాత్రి మా క్వార్టర్‌బ్యాక్ 88 పాసులు వేశాడు. 52 చేరాయి, 734 గజాలు, అయిదు టచ్‌డౌన్లు (బంతిని చివరి గీత దాటించడం). అయినా 66-59తో ఓడాం. అటువైపు బేకర్ మేఫీల్డ్ ఏడు టచ్‌డౌన్ పాసులు వేశాడు మరి. మావాడి పేరు ప్యాట్రిక్ మహోమ్స్.

బయటికొస్తూ నేనన్న మాట నాకింకా గుర్తుంది: "సరదాగా ఉంది కానీ ఇది వీడియో గేమ్, వీడు పైన ఆడలేడు." ఆ మాట గాల్లోంచి తీసింది కాదు. టెక్సస్ టెక్‌లో అప్పటికి పదిహేనేళ్ళుగా ఎక్కువగా పాసుల మీదే నడిచే ఎయిర్ రెయిడ్ అనే పద్ధతి నడుస్తోంది, ప్రతి క్వార్టర్‌బ్యాక్ వేల గజాలు కొట్టేవాడు. 2003లో బి.జె. సైమన్స్ ఒక్క సీజన్లో 5,833 గజాలు వేశాడు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అతని పేరు మీకెక్కడైనా వినపడిందా? గ్రహమ్ హారెల్? మా కోచ్ క్లిఫ్ కింగ్స్‌బరీయే అలాంటివాడు, అదే కాలేజీలో రికార్డులు కొట్టి పైన కనపడకుండా పోయాడు. కాబట్టి లెక్కల్ని తగ్గించి చూడటం సబబే. నేను చూడనిది ఏంటంటే, ఆ 88లో పద్ధతి ప్రకారం వేసినవి ఎన్ని, పద్ధతి చెడిపోయాక వేసినవి ఎన్ని అని. మొదటి రిసీవర్ (పాస్ అందుకునేవాడు) దొరక్క, రెండోవాడూ దొరక్క, కుడివైపు పరిగెడుతూ ఒళ్ళు ఎటో తిరిగి ఉండగా అతను వేసిన పాసులు ఏ పద్ధతీ నేర్పదు. అవన్నీ నా కళ్ళ ముందే జరిగాయి, నేను స్కోర్‌బోర్డు చూస్తూ కూర్చున్నాను.

2017 డ్రాఫ్ట్‌లో షికాగో బేర్స్ మూడో వంతు నుంచి రెండుకి ఎగబాకి మరీ మిచెల్ ట్రుబిస్కీని తీసుకున్నారు. మహోమ్స్ పదో నంబర్లో కాన్సస్ సిటీకి వెళ్ళాడు. బేర్స్‌ని చూసి నవ్వుకునే హక్కు నాకు లేదు, నేనున్నా అదే చేసేవాణ్ణి.

రెండో తప్పు మరుసటి ఏడాది. అప్పటికి నేను ఉద్యోగంలో చేరి ఇర్వింగ్‌లో ఉంటున్నాను. 2018 డ్రాఫ్ట్ మా ఇంటికి అరగంట దూరంలో, ఆర్లింగ్టన్‌లో కౌబాయ్స్ స్టేడియంలోనే జరిగింది. ఆ సంవత్సరం క్వార్టర్‌బ్యాక్‌లు అయిదుగురు మొదటి రౌండ్‌లో పోతారని అందరికీ తెలుసు. నేను రెండు నెలలు రాత్రిళ్ళు కూర్చుని ఐదుగురి ఆటలూ చూశాను. కిరాణా లెక్కలు రాసుకునే పొడుగాటి పుస్తకం ఒకటి ఇండియా నుంచి తెచ్చుకున్నది ఉంటే అందులో రాశాను. నా వరస: రోజెన్, డార్నల్డ్, మేఫీల్డ్, లామార్ జాక్సన్, అట్టడుగున జాష్ అలెన్.

జాష్ రోజెన్ అంటే నాకు ముద్దు. యూసీఎల్‌ఏ కుర్రాడు, బంతి విసరడం చూస్తే పాఠ్యపుస్తకంలో బొమ్మ వేసుకోవచ్చు. 2017లో టెక్సస్ ఎ అండ్ ఎమ్ మీద 44-10తో వెనకబడి 45-44తో గెలిపించాడు. అలెన్ గురించి నేను రాసుకున్న పేజీలో పైన పెద్ద అక్షరాలతో ఒకే మ్యాచ్ ఉంది, ఆరెగాన్. వయోమింగ్ చిన్న కాలేజీ, ఆరెగాన్ పెద్దది. 24 పాసులు, 9 చేరాయి, మొత్తం 64 గజాలు. మ్యాచ్ 49-13. అంతకు ముందు ఏడాది నెబ్రాస్కా మీద అయిదు ఇంటర్‌సెప్షన్లు, అంటే అయిదు పాసులు అవతలివాళ్ళ చేతికే. చెయ్యి మాత్రం ఫిరంగి. కాళ్ళు ఒకచోట, భుజం ఇంకోచోట, బంతి రిసీవర్ నెత్తి మీదుగా మూడోచోట. "చెయ్యి ఉంది, చూపు లేదు. మూడో రౌండ్" అని రాసి గీత గీశాను.

బిల్స్ అతన్ని ఏడో నంబర్లో తీసుకున్నారు, అదీ 12 నుంచి ఎగబాకి. రోజెన్ పదో నంబర్లో అరిజోనాకి వెళ్ళాడు. లామార్ జాక్సన్ రౌండ్ చివర్లో 32వ వాడు. ఇతన్ని రిసీవర్‌గా మార్చుకోమని బిల్ పోలియన్ లాంటి పెద్ద జనరల్ మేనేజరే అన్నాడప్పట్లో. ఆ మనిషి ఇప్పటికి రెండుసార్లు ఎంవీపీ, అతని విషయంలో నేను చేసిన తప్పు గురించి రాయాలంటే ఇంకో పోస్టు కావాలి.

సరే, నేను తప్పని తేలింది. కానీ ఎలా తప్పయ్యాను అన్నది ఎవరూ అడగరు. "చూపు నేర్పొచ్చు, చెయ్యి నేర్పలేం, కాబట్టి చెయ్యి ఉన్నవాణ్ణి తీసుకో" అని అందరూ ఒక సూత్రం తయారుచేసుకుని వెళ్ళిపోయారు. బఫెలోలో అసలేం జరిగిందో కాస్త నిదానంగా చూద్దాం.

2018 మొదటి మ్యాచ్‌లో బిల్స్ అలెన్‌ని ఆడించలేదు, నేథన్ పీటర్‌మన్‌ని దించారు. బాల్టిమోర్ చేతిలో 47-3 తో చావుదెబ్బ తిన్నారు. దాంతో మరో దారి లేక అలెన్ వచ్చాడు. కొన్ని వారాలకి మోచేతికి దెబ్బ, నాలుగు మ్యాచ్‌లు బయటే కూర్చున్నాడు. మొదటి ఏడాది 52.8 శాతం, అంటే కాలేజీలోకంటే ఇంకా ఘోరం. నేను పుస్తకం తీసి చూసుకుని మురిసిపోయాను కూడా. తర్వాతి ఏడాది టీమ్ వాళ్ళు ముందు వరస గోడ కట్టారు, రిసీవర్లు జాన్ బ్రౌన్‌నీ, కోల్ బీస్లీనీ తెచ్చారు. 58.8. అది కూడా గొప్పేం కాదు. అలెన్ ఆఫ్‌సీజన్‌లో క్వార్టర్‌బ్యాక్‌లకి నేర్పే జోర్డన్ పామర్ దగ్గర కాళ్ళ దగ్గర్నుంచి విసరడం మళ్ళీ నేర్చుకుంటూనే ఉన్నాడు. 2020లో మొదటి రౌండ్ వంతు ఇచ్చేసి మిన్నెసోటా నుంచి రిసీవర్ స్టెఫాన్ డిగ్స్‌ని తెచ్చారు. 69.2 శాతం, 37 టచ్‌డౌన్లు. ఈ మూడేళ్ళూ, ఆ తర్వాతి ఏడాదీ, ఆట నేర్పిన కోఆర్డినేటర్ ఒక్కడే, బ్రయన్ డాబోల్. హెడ్ కోచ్ ఒక్కడే. రెండేళ్ళు సగటు కంటే తక్కువగా ఆడినా ఎవరూ అతన్ని పక్కన పెట్టలేదు, ఆ ఇద్దరి ఉద్యోగాలూ పోలేదు.

అదే సమయంలో నా ముద్దుల రోజెన్‌కి ఏమైంది? అరిజోనాలో సీజన్ సగంలోనే కోఆర్డినేటర్‌ని పీకేశారు. సీజన్ అయిపోగానే హెడ్ కోచ్‌ని పీకేశారు. కొత్త కోచ్‌గా వచ్చింది ఎవరనుకున్నారు, మా లబ్బక్ క్లిఫ్ కింగ్స్‌బరీ. ఆయనకి కావాల్సింది కైలర్ మర్రీ అనే కుర్రాడు. 2019లో మొదటి నంబర్లో అతన్ని తీసుకుని, రోజెన్‌ని మయామీకి పంపించేశారు. ఆ ఏడాది మయామీ అంటే పెనం మీద నుంచి పొయ్యిలో పడ్డట్టే. అరిజోనాలో ఆ ఒక్క ఏడాది 11 టచ్‌డౌన్లు, 14 ఇంటర్‌సెప్షన్లు, మయామీ తర్వాత ఊరూరూ తిరిగి ఆగిపోయాడు. అతనిలో లోపాలు లేవని నేననను, ముందు వరస గోడ వెనక, పాకెట్‌లో నిలబడి దెబ్బలు తినడం తప్ప తప్పించుకోవడం రాదు. కానీ వీళ్ళిద్దర్నీ తారుమారు చేసి, అలెన్‌ని అరిజోనాకీ రోజెన్‌ని బఫెలోకీ పంపి ఉంటే? రోజెన్ ఎంవీపీ అయ్యేవాడని నేను చెప్పను. అలెన్‌ మాత్రం మొదటి ఏడాది 52.8 శాతంతో అరిజోనా నుంచి మూటముల్లె సర్దుకుని ఉండేవాడని గట్టిగా చెప్తాను.

ఇది పెళ్ళిచూపుల వ్యవహారం లాంటిది. ఇండియానాపొలిస్‌లో ఏటా కంబైన్ అని జరుగుతుంది. ఎత్తు కొలుస్తారు, బరువు తూస్తారు, నలభై గజాలు పరిగెత్తమంటారు, అరచెయ్యి చాపమని బొటనవేలి నుంచి చిటికెన వేలి దాకా కొలుస్తారు. పాట పాడమ్మా, నడిచి చూపించమ్మా అన్నట్టే. ఇంత చూసి, పిల్ల వెళ్ళబోయే అత్తారిల్లు ఎలాంటిదో మాత్రం ఒక్కరూ కొలవరు. 2020లో జో బరో చెయ్యి తొమ్మిది అంగుళాలే అని పెద్ద గొడవ, అతనే తన మీద జోకులేసుకున్నాడు. అతను రెండేళ్ళలో సిన్సినాటీని లీగ్ ఫైనల్ సూపర్‌బౌల్‌కి తీసుకెళ్ళాడు. మరోవైపు టామ్ బ్రేడీ 2000లో నలభై గజాలు 5.28 సెకన్లలో పరిగెత్తాడు, దాన్ని పరుగు అనడం కూడా మర్యాద కోసమే. 199వ నంబర్లో పోయాడు, ఏడు సూపర్‌బౌల్‌లు గెలిచాడు.

తెలివికి పెట్టే పరీక్షల సంగతీ ఇంతే. వండర్లిక్ అని పన్నెండు నిమిషాల్లో యాభై ప్రశ్నల పరీక్ష ఒకటి చాలా కాలం పెట్టారు, 2022లో కంబైన్ నుంచి తీసేశారు. ఎస్2 అని ఇంకోటి కూడా ఉంది. 2023లో ఒహాయో స్టేట్ క్వార్టర్‌బ్యాక్ సి.జె. స్ట్రౌడ్‌కి అందులో చాలా తక్కువ వచ్చిందని డ్రాఫ్ట్ ముందు వారం బయటికి పొక్కింది. ఆ ఏడాది కొత్తవాళ్ళలో మేటి అఫెన్స్ ఆటగాడి అవార్డు స్ట్రౌడ్‌కే. ఎంసెట్ ర్యాంకులు చూసి పెరిగినవాణ్ణి నేను, పరీక్ష మార్కు అంటే నాకు పుట్టుకతో వచ్చిన గౌరవం ఉంది, అయినా చెప్తున్నాను.

ఇక అలెన్ పేరు చెప్పి జరిగిన బేరాల దగ్గరికొద్దాం.

2021లో శాన్‌ఫ్రాన్సిస్కో 12 నుంచి 3కి ఎగబాకడానికి తమ మొదటి రౌండ్ వంతులు మూడు ధారపోసి ట్రే లాన్స్‌ని తీసుకుంది. నార్త్ డకోటా స్టేట్ కుర్రాడు, 2019లో 28 టచ్‌డౌన్లు, ఒక్క ఇంటర్‌సెప్షన్ లేదు. కానీ కరోనా వల్ల 2020లో ఆడింది ఒక్క మ్యాచ్. కాలేజీ మొత్తం కలిపి 318 పాసులు. మహోమ్స్ ఆ ఒక్క రాత్రే 88 వేశాడని గుర్తుచేసుకోండి. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో లాన్స్ ఆ టీముకి మొదలుపెట్టిన మ్యాచ్‌లు నాలుగు, 2023 ఆగస్టులో నాలుగో రౌండ్ వంతుకి డల్లాస్‌కి అమ్మేశారు. విచిత్రమేంటంటే, లాన్స్‌కి కలిసిరాని అదే ఇంట్లో బ్రాక్ పర్డీ నిలబడ్డాడు. 2022లో 262వ నంబర్, డ్రాఫ్ట్‌లో ఆఖరివాడు. ఐయోవా స్టేట్‌లో నాలుగేళ్ళు ఆడి, చెయ్యి మామూలు, ఎత్తు మామూలు, చూసిన డిఫెన్సులు మాత్రం లెక్కలేనన్ని. 2024 ఫిబ్రవరిలో సూపర్‌బౌల్ ఓవర్‌టైమ్‌ దాకా తీసుకెళ్ళాడు. అంటే మంచి ఇల్లు దొరికినా సరిపోదు, ఆ ఇంట్లో పని అందుకునేంత అనుభవం ముందే ఉండాలి. నా వాదనలో ఈ రెండో సగాన్ని జనం వదిలేస్తారు.

2023లో ఆంథనీ రిచర్డ్‌సన్. ఫ్లోరిడాలో 13 మ్యాచ్‌లు మొదలుపెట్టాడు, చివరి ఏడాది 53.8 శాతం. కంబైన్‌లో నిలబడ్డచోటు నుంచి 40న్నర అంగుళాలు ఎగిరాడు, క్వార్టర్‌బ్యాక్‌లలో అదే రికార్డు. నాలుగో నంబర్లో ఇండియానాపొలిస్. ఆ రోజు మా బఫెలో తమ్ముడు పంపిన మెసేజ్‌లో జాష్ అలెన్ పేరు మూడుసార్లు ఉంది. మొదటి ఏడాది నాలుగు మ్యాచ్‌లకే భుజం పోయింది, రెండో ఏడాది 47.7 శాతం, మధ్యలో కూర్చోబెట్టి ముప్పై తొమ్మిదేళ్ళ జో ఫ్లాకోని ఆడించారు, మూడో ఏడాది ఉద్యోగం డేనియల్ జోన్స్‌కి పోయింది. కుర్రాడి తప్పేముంది? ఇంకా రెండేళ్ళు శనివారాలు ఆడాల్సినవాణ్ణి ఆదివారం తోశారు.

"అలెన్‌కి కూడా అనుభవం లేదు కదన్నా" అంటాడు మావాడు. కొంచెం నిజం, కొంచెం కాదు. అలెన్ కాలిఫోర్నియాలో ఫైర్‌బా అనే చిన్న ఊళ్ళో రైతు బిడ్డ. హైస్కూల్ అయ్యాక పెద్ద కాలేజీ ఒక్కటీ పిలవలేదు. రీడ్లీ అనే రెండేళ్ళ కాలేజీలో ఆడి, దేశంలో ఉన్న కోచ్‌లందరికీ మెయిళ్ళు పెట్టుకుంటే వయోమింగ్ పిలిచింది. 2017లో అతని ఆట పడిపోవడానికి ఒక కారణం, ముందు ఏడాది అతనితో ఆడిన సెంటర్, రన్నింగ్ బ్యాక్, రిసీవర్, టైట్ ఎండ్ అందరూ వెళ్ళిపోవడం. అది నేను ఆరెగాన్ మ్యాచ్ చూసినప్పుడు లెక్కలోకి తీసుకోలేదు. ఇల్లు ముఖ్యమని ఇప్పుడు ఉపన్యాసం ఇస్తున్న నేను, కాలేజీకి కూడా ఒక ఇల్లుంటుందని మర్చిపోయాను. బరో సంగతే చూడండి. 2018లో ఎల్‌ఎస్‌యూలో 16 టచ్‌డౌన్లు, మరుసటి ఏడాది 60. మధ్యలో అతనికి కొత్త చెయ్యేమీ మొలవలేదు. కొత్త అఫెన్స్ వచ్చింది, జస్టిన్ జెఫర్సన్, జమార్ ఛేజ్ అనే ఇద్దరు రిసీవర్లు ముదిరారు.

మరి ఇప్పుడు నేను ఏం చూస్తున్నాను? మొదట, అందమైన పాసులు చూడటం మానేశాను. 2021లో బీవైయూలో జాక్ విల్సన్ ప్రో డే రోజు ఒక పాస్ వేశాడు, ఎడమవైపు పరిగెడుతూ కుడివైపు మైదానం అవతలికి, ఆ వీడియో వారం రోజులు ఎక్కడ చూసినా అదే. ప్రో డే అంటే నిక్కర్లు వేసుకుని, ఎదురుగా డిఫెన్స్ లేకుండా, ముందే అనుకున్న పాసులు వేయడం. నెట్స్‌లో త్రోడౌన్లకి సిక్సర్లు కొట్టినట్టు. న్యూయార్క్ జెట్స్ రెండో నంబర్లో తీసుకుని మూడేళ్ళు ఏడ్చారు.

ఇప్పుడు చూసేవి మూడో డౌన్‌లు. పది గజాలు దాటడానికి నాలుగు ప్రయత్నాలిస్తారు, ఒక్కోటీ ఒక డౌన్. అదీ ఏడెనిమిది గజాలకి పైన కావాల్సినవి. ఎందుకంటే పాస్ వస్తుందని అవతలివాళ్ళకీ తెలుసు, దొంగాట పనిచేయదు. క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్ ఎటు తిరుగుతుందో చూస్తాను, బంతిని చూడను. మొదటి రిసీవర్ని చూశాడు, వాడు మూసుకుపోయాడు. అప్పుడేం చేశాడు? హెల్మెట్ రెండోవాడి వైపు తిరిగిందా, కాళ్ళు కూడా వెంట తిరిగాయా, లేక కళ్ళు కిందికి దిగి మీదికొస్తున్నవాణ్ణి చూడటం మొదలుపెట్టాయా? కళ్ళు దిగాయంటే నాకు అక్కడే సగం తెలిసిపోతుంది. ఒక్కో కుర్రాడికి ఇలాంటివి అరవై డెబ్బై ప్లేలు చూస్తే, వారం రోజుల రాత్రి నిద్ర పోతుంది కానీ, చెయ్యి ఎంత గట్టిదో అన్న ప్రశ్నే చిన్నదైపోతుంది.

రెండోది, శనివారం ఆట ఎన్ని చోట్ల సాయం చేస్తుందో తీసేసి చూడటం. మైదానం మధ్య రెండు వరసల్లో చిన్న గీతలుంటాయి, హాష్ మార్కులు. ప్లే ఆ రెండు వరసల మధ్యే మొదలవ్వాలి. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో వాటి మధ్య 18న్నర అడుగులు, కాలేజీలో 40. దాంతో కాలేజీలో బంతి తరచూ ఒక పక్కకి ఉంటుంది, రెండో పక్క పొలమంత ఖాళీ, దాన్ని కాయడానికి డిఫెన్స్ పలచబడాలి. ఇంకోటి, కాలేజీలో పాస్ ప్లే అయినా ముందు వరసవాళ్ళు మూడు గజాలు ముందుకెళ్ళొచ్చు, పైన ఒక్క గజమే. ఆ రెండు గజాల తేడాతో ఇది పరుగా పాసా అని డిఫెన్స్ రెండో వరసలో ఉండే లైన్‌బ్యాకర్ తికమకపడి అక్కడే నిలబడిపోతాడు, అతని వెనక ఖాళీలోకి వేసే పాస్ మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో నేను కూడా వేయగలను (బహుశా). ఇలాంటివి, అడ్డంగా వేసే స్క్రీన్ పాసులు, అన్నీ తీసేస్తే కొందరి 70 శాతం అరవైకి దిగుతుంది. అప్పుడు మిగిలిందే అసలు శాతం.

సాక్‌లు కూడా, అంటే బంతి విసరకముందే దొరికిపోయి కింద పడటం. బంతి పట్టుకుని నిలబడే అలవాటు కాలేజీ నుంచి పెట్టెలో పెట్టుకుని తెచ్చుకుంటారు. కేలబ్ విలియమ్స్ యూఎస్‌సీలో బంతిని పట్టుకునే ఇంద్రజాలం చేసేవాడు, షికాగోలో మొదటి ఏడాది 68 సాక్‌లు. ముందు గోడ బాగోలేదు, నిజమే, కానీ అన్నీ గోడ తప్పులు కావు.

ఇంకొకటి, మ్యాచ్‌లు ఏరుకోవాలి. స్ట్రౌడ్‌ని తూచాలంటే ఒహాయో స్టేట్ చిన్న టీముల మీద కొట్టిన యాభై పాయింట్ల మ్యాచ్‌లు చూసి లాభం లేదు. 2022 డిసెంబర్ 31న జార్జియాతో సెమీఫైనల్ చూడాలి, ఆ ఏడాది చాంపియన్ అయిన డిఫెన్స్ అది. 42-41తో ఓడాడు, నాలుగు టచ్‌డౌన్ పాసులు వేశాడు, పాకెట్ కూలిపోయాక బయటికొచ్చి కళ్ళు పైకే పెట్టుకుని వేశాడు. పరిగెత్తడన్న పేరున్నవాడు ఆ రోజు పరిగెత్తాడు. ఆ ఒక్క మ్యాచ్ ఎస్2 మార్కుని చింపి పారేసింది, కనీసం నా పుస్తకంలో.

"అంతా ఇంటి మహిమే అయితే కుర్రాణ్ణి చూడటం దేనికి, చీటీలేసి తీసుకోవచ్చుగా" అని మీకు అనిపిస్తే, సగం ఒప్పుకుంటాను. శామ్ డార్నల్డ్ జెట్స్‌లో ఉన్నప్పుడు, 2019లో పేట్రియట్స్ మీద 33-0తో ఓడుతూ, సైడ్‌లైన్‌లో కూర్చుని తనకి దెయ్యాలు కనపడుతున్నాయన్నాడు. మైక్ ఉందని మర్చిపోయినట్టున్నాడు, దేశమంతా వినింది. అదే మనిషి 2024లో మిన్నెసోటాలో 14 మ్యాచ్‌లు గెలిపించాడు. చెయ్యి అదే, దెయ్యాల్లేని ఇల్లు. కానీ ట్రుబిస్కీని కాన్సస్ సిటీలో పెట్టి, ఒక ఏడాది అలెక్స్ స్మిత్ వెనక కూర్చోబెట్టి ఆండీ రీడ్‌తో నేర్పించినా అతను మహోమ్స్ అవ్వడు. ఇల్లు బాగుంటే కుర్రాడు తనెంతవాడో అంతవరకు ఎదుగుతాడు. ఎంతవాడో కనిపెట్టడం స్కౌట్ పని, ఎదగనివ్వడం ఓనర్ పని. ఈ రెండు పనులకీ జీతాలు ఒకే చోట నుంచి వస్తాయి కాబట్టి ఓనర్ తప్పు చేస్తే స్కౌట్ ఉద్యోగం పోతుంది.

జనరల్ మేనేజర్లు ఈ సంగతి తెలియనంత అమాయకులేం కాదు. 2010లో శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కి మొదటి నంబర్ అయినందుకు 5 కోట్ల డాలర్లు గ్యారంటీ ఇవ్వాల్సి వచ్చింది. మరుసటి ఏడాది కొత్త ఒప్పందం వచ్చి జీతాలు కత్తిరించేశారు, కామ్ న్యూటన్‌కి నాలుగేళ్ళకి మొత్తం 2 కోట్ల 20 లక్షలే. అంటే లాటరీ టికెట్ ధర పడిపోయింది. దానికి తోడు, కోచ్‌కి ఉద్యోగం ఊగిసలాడుతుంటే, కొత్త కుర్రాణ్ణి తీసుకుంటే "వీడు ఎదగాలి కదా, టైమివ్వండి" అని ఇంకో రెండేళ్ళు అడగొచ్చు. అప్పుడు చేతిలో జాష్ అలెన్ ఉదాహరణ ఉంటే మీటింగ్‌లో ఎంత పనికొస్తుందో ఊహించుకోండి. ఫుట్‌బాల్ తెలియని ఓనర్‌కి కూడా ఆ పేరు తెలుసు.

పోయిన శనివారం ఆ తమ్ముడు మా ఇంటికొచ్చాడు. మా ఆవిడ పెసరట్లు వేస్తుంటే తింటూ, ఈ ఏడాది కుర్రాడి వీడియో మళ్ళీ చూపించాడు. నేను ఏమీ అనకుండా ల్యాప్‌టాప్‌లో వయోమింగ్-ఆరెగాన్ మ్యాచ్ పెట్టాను. వాడు అలెన్ ఆడిన ప్రతి సూపర్ త్రో కంఠతా పట్టాడు కానీ ఈ మ్యాచ్ ఎప్పుడూ చూడలేదట. మొదటి క్వార్టర్ అంతా మాట్లాడుతూనే ఉన్నాడు. రెండో దాంట్లో తగ్గాడు. హాఫ్‌టైమ్‌కి పెసరట్టు చల్లారిపోయింది.

"మేం ఏడో నంబర్లో తీసుకుంది ఇతన్నేనా అన్నా?" అన్నాడు చివరికి.

పాత పుస్తకం తెచ్చి, ఖాళీ పేజీలో ఆ మ్యాచ్ మూడో డౌన్‌లు మళ్ళీ మొదటి నుంచి రాసుకుంటూ చూశాను, ఈసారి వయోమింగ్ నుంచి వెళ్ళిపోయినవాళ్ళనీ లెక్కలో వేసుకుని. రెండో రౌండ్ అని రాశాను. మావాడు పెన్ను లాక్కుని దాన్ని కొట్టేసి పక్కన 7 వేశాడు.